రెండు ఫిబ్రవరి ఇరవైలు

1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో ఎనిమిది మంది నాయకులు ఒక కాగితం మీద సంతకాలు పెట్టారు. నలుగురు ఆంధ్ర వైపు, నలుగురు తెలంగాణ వైపు. దాన్నే పెద్దమనుషుల ఒప్పందం అంటున్నాం. సరిగ్గా 58 ఏళ్లకు, 2014 ఫిబ్రవరి 20న, అదే ఢిల్లీలో రాజ్యసభ ఆంధ్రప్రదేశ్ పునర్విభజన బిల్లును ఆమోదించింది. మొదటిది కలపడానికి, రెండోది విడదీయడానికి. తేదీ కలవడం యాదృచ్ఛికమే. కానీ రెండు రోజుల్లోనూ జరిగిన పని ఒకటే: ఒక ప్రాంతం అభివృద్ధి గురించి ఢిల్లీలో మాట ఇవ్వడం.

ఆ మాటలు ఏమయ్యాయో రెండు రాజధానుల నుంచి చూసినవాళ్లు చాలామందే ఉన్నారు. హైదరాబాద్‌కి ఉత్తరపు అంచున, నాగపూర్ రోడ్డు మీదున్న మేడ్చల్ నుంచి, కరీంనగర్ వైపు పోయే రాజీవ్ రహదారి మీదున్న శామీర్‌పేట నుంచి చూస్తే ఇంకో సంగతి కనిపిస్తుంది.

ముందు 1956. ఒప్పందంలోని అంశాలు అందరికీ కొద్దోగొప్పో తెలిసినవే. తెలంగాణ మిగులు నిధులు తెలంగాణలోనే ఖర్చు పెట్టాలి. ప్రాంతీయ మండలి ఉండాలి. ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వాడైతే ఉప ముఖ్యమంత్రి ఇంకో ప్రాంతం వాడు కావాలి. తక్కువగా గుర్తుచేసుకునే అంశం ఇంకోటుంది: తెలంగాణలో వ్యవసాయ భూముల అమ్మకాలు ప్రాంతీయ మండలి అదుపులో ఉండాలని. నగరం చుట్టూ ఉన్న ఊళ్లలో పొలం ప్లాటుగా మారడం ఎట్లా ఉంటుందో మేడ్చల్ దారిలో రోజూ తిరిగేవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. ఆ ఒక్క వాక్యం విలువ ఇప్పుడు తెలుస్తుంది.

సంతకం పెట్టిన తెలంగాణ నాయకుల్లో కొండా వెంకట రంగారెడ్డి ఒకరు. విలీనాన్ని గట్టిగా వ్యతిరేకించి, చివరికి ఈ రక్షణల హామీ మీద ఒప్పుకున్న మనిషి. రాష్ట్రం ఏర్పడ్డాక తొలి మంత్రివర్గంలో అసలు ఉప ముఖ్యమంత్రి పదవే లేకుండా పోయింది. రంగారెడ్డికి ఆ పదవి కొన్నేళ్ల తర్వాత గానీ దక్కలేదు. ప్రాంతీయ సంఘం 1958లో వచ్చింది, 1973లో ఆరు సూత్రాల పథకంతో పోయింది. మిగులు నిధుల లెక్క తేలకే 1969 ఉద్యమం వచ్చింది.

1978లో హైదరాబాద్ జిల్లా గ్రామీణ ప్రాంతాన్ని విడదీసి కొత్త జిల్లా చేసినప్పుడు ఆయన పేరే పెట్టారు. అట్లా మేడ్చల్, శామీర్‌పేట 2016 దాకా రంగారెడ్డి జిల్లాలో ఉన్నాయి. ఆయన నమ్మి సంతకం పెట్టిన ఒప్పందం నిలవలేదు గానీ, పేరు మాత్రం ప్రతి పట్టాదారు పాసుపుస్తకం మీదా నిలిచింది.

ఇక 2014. రెండ్రోజుల ముందు, ఫిబ్రవరి 18న లోక్‌సభ బిల్లును గట్టెక్కించింది. అక్కడ గొడవ తప్ప చెప్పుకోదగ్గ చర్చ జరగలేదు. రాజ్యసభలోనూ నినాదాలు, ప్లకార్డులు ఉన్నాయి కానీ వాటి మధ్యే కొంత నిజమైన చర్చ జరిగింది. గవర్నర్‌కి శాంతిభద్రతల అధికారం ఇవ్వాలంటే మామూలు చట్టం సరిపోదు, రాజ్యాంగ సవరణ కావాలని అరుణ్ జైట్లీ వాదించారు. కేంద్ర మంత్రిగా ఉంటూనే చిరంజీవి విభజనను వ్యతిరేకిస్తూ మాట్లాడారు. ఆంధ్రకు ప్రత్యేక హోదా కోసం వెంకయ్య నాయుడు పట్టుబట్టారు. చివర్లో ప్రధాని మన్మోహన్ సింగ్ ఒక ప్రకటన చేశారు: మిగిలిన ఆంధ్రప్రదేశ్‌కి ఐదేళ్లు ప్రత్యేక హోదా, రాయలసీమకి, ఉత్తరాంధ్రకి ఒడిశా కేబీకే, బుందేల్‌ఖండ్ తరహాలో ప్రత్యేక ప్యాకేజీ.

ఎవరు ఏ రాష్ట్రం సభ్యులో ఒకసారి చూడండి. అడిగిన వెంకయ్య నాయుడు కర్ణాటక నుంచి ఎన్నికైన సభ్యుడు. మాట ఇచ్చిన మన్మోహన్ సింగ్ అస్సాం సభ్యుడు. జైట్లీ గుజరాత్ సభ్యుడు. రాజ్యసభ అంటే రాష్ట్రాల సభ అని స్కూల్లో చదువుకున్నాం. కానీ అభ్యర్థి అదే రాష్ట్రంలో ఓటరై ఉండాలన్న నియమాన్ని 2003లో తీసేశారు, సుప్రీంకోర్టు 2006లో దాన్ని సమర్థించింది. ఇందులో చట్టవిరుద్ధం ఏమీ లేదు. కానీ రేపు ఆ హామీ ఏమైందని అడగాలంటే ఏ రాష్ట్రం ఓటరు ఎవర్ని నిలదీయాలి? ఆ ప్రశ్నకి ఈ ఏర్పాటులో జవాబు లేదు.

అదే సభలో మేడ్చల్‌కి బాగా తెలిసిన మనిషి ఒకరు సభ్యుడిగా ఉన్నారు. టి. దేవేందర్ గౌడ్. మేడ్చల్ నుంచి 1994, 1999, 2004ల్లో వరుసగా మూడుసార్లు ఎమ్మెల్యేగా గెలిచారు. ఉమ్మడి రాష్ట్రంలో హోం మంత్రిగా చేశారు. 2008లో తెలంగాణ అంశం మీదే తెలుగుదేశాన్ని వదిలి నవ తెలంగాణ ప్రజా పార్టీ పెట్టారు. అది ప్రజారాజ్యంలో కలిసింది, ఆయన మళ్లీ పాత పార్టీకి వచ్చారు. 2012లో రాజ్యసభకు వెళ్లారు.

విభజన చట్టం ప్రకారం ఉమ్మడి రాష్ట్రపు 18 రాజ్యసభ స్థానాల్లో 11 ఆంధ్రప్రదేశ్‌కి, 7 తెలంగాణకి. ఉన్న సభ్యుల్లో ఎవరు ఎటు? చీటీలు తీశారు. ఆ లాటరీలో తెలంగాణ పేరుతో పార్టీ పెట్టిన మేడ్చల్ మాజీ ఎమ్మెల్యే ఆంధ్రప్రదేశ్ సభ్యుడయ్యారు. కడప జిల్లా నాయకుడు సీఎం రమేశ్ తెలంగాణ సభ్యుడయ్యారు. ఇద్దరూ 2018 దాకా అట్లాగే కొనసాగారు. అంత పోరాటం, అంత రక్తం తర్వాత, ఎవరు ఏ రాష్ట్రం తరఫున మాట్లాడాలన్నది చీటీ తేల్చింది.

చర్చల్లో మాటలు అట్లా తిరిగితే, చట్టంలో గీతలు ఇంకోలా తిరిగాయి. ఐదో సెక్షన్ హైదరాబాద్‌ని పదేళ్లకు మించకుండా ఉమ్మడి రాజధాని అంది. హైదరాబాద్ అంటే ఏది? అప్పటి జీహెచ్‌ఎంసీ పరిధి. అంటే అల్వాల్ ఉమ్మడి రాజధాని, శామీర్‌పేట కాదు. కుత్బుల్లాపూర్ ఉమ్మడి రాజధాని, మేడ్చల్ కాదు. సభలో మూడు ప్రాంతాల మనోభావాలన్నీ ఏ నగరం చుట్టూ తిరిగాయో, ఆ నగరం ఎక్కడ ఆగుతుందో ఒక మున్సిపల్ హద్దు తేల్చింది.

వెనుకబాటు విషయంలో ఇంకా విచిత్రం. చట్టంలో వెనుకబడిన ప్రాంతాలకు సాయం అన్న మాట ఉంది. దాని కింద తెలంగాణలోని పది జిల్లాల్లో హైదరాబాద్ తప్ప తొమ్మిదింటినీ వెనుకబడినవిగా లెక్కేశారు, జిల్లాకి ఏడాదికి 50 కోట్ల చొప్పున 450 కోట్లు. అందులో రంగారెడ్డి జిల్లా కూడా ఉంది. శామీర్‌పేట దగ్గర జీనోమ్ వ్యాలీ ఉంది. నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. జవహర్‌నగర్‌లో బిట్స్ పిలానీ క్యాంపస్ ఉంది. ఔటర్ రింగు రోడ్డు ఉంది. కాగితం మీద ఇదంతా ఆదిలాబాద్‌తో సమానంగా వెనుకబడ్డ ప్రాంతమే.

అలాగని ఇక్కడ అందరూ బాగుపడ్డారనీ కాదు. జవహర్‌నగర్‌లోనే నగరం చెత్తంతా పోసే డంపింగ్ యార్డు కూడా ఉంది. ఒకే ఊరి పేరుతో పేరున్న ఇంజనీరింగ్ క్యాంపస్, చెత్త గుట్ట. ముందుపడ్డదా వెనుకపడ్డదా అని జిల్లా లెక్కన అడిగితే రెండూ కనపడవు. ప్రాంతీయ అభివృద్ధి చర్చల్లో ప్రాంతం అనే మాటని తెలంగాణ, ఆంధ్ర, రాయలసీమ అన్నంత పెద్దగానే వాడాం. ఊరు కాక, నగరం కాక మధ్యలో ఉన్నవాళ్లకి ఆ చర్చలో పేరే లేదు.

మరి సభలో ఇచ్చిన మాట? ప్రత్యేక హోదా చట్టంలో ఎక్కలేదు, ప్రకటనగానే ఉండిపోయింది. 2016 సెప్టెంబర్‌లో దాని బదులు ప్యాకేజీ అన్నారు. ప్రభుత్వ హామీలను వెంటాడటానికి రాజ్యసభలో 1972 నుంచీ ఒక కమిటీ ఉంది, కానీ అది అడగగలదు, నివేదిక ఇవ్వగలదు, అంతే. చట్టంలోకి ఎక్కిన మాటకి కనీసం వెనక్కి తగ్గలేని ఒక ఆధారం ఉంటుంది. తెలంగాణకి గిరిజన విశ్వవిద్యాలయం అని పదమూడో షెడ్యూల్లో రాశారు. ములుగులో సమ్మక్క సారక్క పేరుతో దానికి పార్లమెంటు చట్టం చేసింది 2023 డిసెంబర్‌లో. తొమ్మిదేళ్లు పైనే పట్టింది, కానీ వచ్చింది.

అందుకే 1956 ఒప్పందాన్నీ 2014 ప్రకటననీ నేను ఒకే వరసలో పెడతాను. ఎవరో మోసం చేశారని తేల్చడానికి కాదు. రెండింటిలోనూ మాట ఇచ్చినవాళ్లు నిజాయితీగానే ఇచ్చి ఉండొచ్చు. కానీ ఆ మాట నిలబెట్టే బాధ్యత ఎవరిదో రాసి పెట్టలేదు. ఏ ఊరిదాకా వర్తిస్తుందో ఆలోచించలేదు.

2016 అక్టోబర్‌లో మేడ్చల్ మల్కాజిగిరి జిల్లా వచ్చింది. 2022లో శామీర్‌పేట దగ్గర అంతాయిపల్లిలో కలెక్టరేట్ తెరిచారు. రంగారెడ్డి పేరు ఈ వైపు నుంచి పోయింది. గీత మళ్లీ మారింది, ఇంకా మారుతుంది కూడా. ఈసారి ఢిల్లీలోనో అసెంబ్లీలోనో ఎవరైనా ప్రాంతీయ అభివృద్ధి గురించి గొంతెత్తినప్పుడు, ఆవేశం సంగతి తర్వాత చూసుకోవచ్చు. ముందు గీత ఎక్కడ గీస్తున్నారు, మాట చట్టంలో ఉందా, రేపు ఎవర్ని అడగాలి అని చూద్దాం. కొండా వెంకట రంగారెడ్డికి ఈ మూడో ప్రశ్నకే జవాబు దొరకలేదు.