గర్భిణుల పాండురోగము: ఒక శోధన చరిత్ర



పాండురోగము మన దేశమునకు క్రొత్త వ్యాధి కాదు. చరక సుశ్రుతులు ఇరువురును దీనికి ప్రత్యేకాధ్యాయములు కేటాయించిరి. ముఖము తెల్లబారుట, కనుఱెప్పల లోపలి యెఱుపు తగ్గుట, నాలుగడుగులు వేయగనే ఆయాసము పుట్టుట, కాళ్లు ఉబ్బుట మొదలగు లక్షణములు మన పల్లెల ముసలమ్మలకు సైతము తెలియును. గర్భిణికి ఇది సోకినచో తల్లికిని బిడ్డకును గండమే. అయినను గర్భిణులను పీడించు పాండురోగములలో ఒకదానికి కారణమును ప్రయోగపూర్వకముగ వెదకిన చరిత్ర సుమారు నూఱేండ్లది మాత్రమే. ఆ చరిత్రలో మొదటి ఘట్టము మన దేశముననే జరిగినది. రెండవ దానికి నాయకుడు మన తెలుగువాడు. అందుచేత నేడు దానిని మీకు విన్నవింపదలచితిని.

1928వ సంవత్సరమున లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయికి వచ్చెను. అప్పటి కామెకు 40 ఏండ్లు. గర్భిణుల మరణములను గూర్చి మన దేశమున జరుగుచున్న విచారణలో పాల్గొనుమని మార్గరెట్ బాల్ఫర్ అను వైద్యురాలు ఆమెను కోరియుండెను. బొంబాయిలోని హాఫ్కిన్ సంస్థలో ఆమెకు పనిచేయుటకు చోటు దొరకెను. ఆ నగరమున బట్టల మిల్లులలో కూలిచేయు బీదస్త్రీలు, అందును ముఖ్యముగ మహమ్మదీయ స్త్రీలు, గర్భము ధరించిన పిమ్మట తీవ్రమైన పాండురోగముపాలై చనిపోవుచుండిరి. ఇనుము చాలక కలుగు సామాన్య పాండురోగమున నెత్తురులోని ఎఱ్ఱకణములు చిన్నవై వెలవెలబోవును. ఈ స్త్రీల నెత్తురులోనో, కణముల సంఖ్య తగ్గి, ఉన్నవి మాత్రము పరిమాణమున పెరిగియుండెను. కావున ఇది వేఱొక జాతి రోగమని యామెకు తోచెను.

ఆమె పరిశోధించిన క్రమము నాకు మిక్కిలి నచ్చినది. తర్కశాస్త్రము చదివినవారికి అది పరిచితమైన మార్గమే: సంభవించు కారణముల నన్నింటిని ఎదుట నుంచుకొని, ఒక్కొక్క దానినే పరీక్షించి త్రోసివేయుట. తొలుత ఏదైన సూక్ష్మక్రిమివలన వచ్చుచున్నదేమోయని రోగుల మలమును పరీక్షించెను, క్రిమి కనబడలేదు. పిదప దృష్టిని వంటయింటివైపు మరల్చెను. రోగము గలవారేమి తినుచున్నారు, లేనివారేమి తినుచున్నారు అని విచారించి, తేడా అన్నములోనే ఉన్నదని యూహించెను. ఏ, సీ అను జీవసత్త్వముల నిచ్చి చూచెను, గుణము కానరాలేదు. అప్పుడా స్త్రీలు తిను ఆహారమునే ఎలుకలకు పెట్టించెను. చూలుతోనున్న ఎలుకలు పాండురోగము పొంది, ఈనకముందే చచ్చెను. ఆహారమునకు ఈస్టు అను పులియబెట్టు పదార్థమును చేర్చినచో బ్రతికెను. కాని ఆ ఎలుకలకు పేలవలన నొక అంటురోగము కూడ తగిలియుండుటచే ఆ ఫలితములు సందేహాస్పదములైనవి. సందేహము మిగిలినదానిని సిద్ధాంతమని చాటక, ఆమె కోతులతో మరల మొదలుపెట్టెను.

సీమలో మార్మైట్ అను నల్లని లేహ్యము వంటి వస్తువొకటి కలదు. సారాయి బట్టీలలో బీరు కాచగా మిగిలిన ఈస్టునుండి దానిని తీయుదురు. రొట్టెకు పూసికొని తినెడి చవుక సరకు. రోగముతో నున్న కోతికి దానిని పెట్టగా కోలుకొనెను. పిమ్మట రోగిణులకు పెట్టెను. వారును త్వరలోనే తేరుకొనిరి. 1931లో ఈ సంగతిని బ్రిటిష్ మెడికల్ జర్నల్ అను వైద్యపత్రికలో ప్రకటించెను. మధ్యకాలమున కూనూరులోని పాశ్చరు సంస్థలోను, చెన్నపట్టణమున కాస్ట్ అండ్ గోషా ఆసుపత్రిలోను ఆమె పనిచేసెను. ఆ ఆసుపత్రియే నేటి కస్తూరిబా గాంధీ ఆసుపత్రి.

మఱొక వినోదము. ఇంచుమించు అటువంటి పాండురోగమొకటి పాశ్చాత్య దేశములలో నుండెను. దానికి పశువుల కాలేయము తినిపించుట మందని 1926లో అమెరికాలో మైనట్, మర్ఫీ అను వైద్యులు చూపిరి. కాని కాలేయమునుండి మిక్కిలి శుద్ధిచేసి తీసిన సారము ఈ గర్భిణులకు పనిచేయలేదు. ముతకగా తీసిన సారము పనిచేసెను. ఏమన, శుద్ధిచేయువారు పారవేసిన మడ్డిలోనే ఈ రోగమునకు మందున్నదన్నమాట! ఆ మందు పేరేమో ఎవరికిని తెలియదు కనుక కొంతకాలము దానిని విల్స్ పదార్థమనియే పిలిచిరి.

1941లో అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున మిచెల్, స్నెల్, విలియమ్స్ అను శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూరనుండి అతిస్వల్పముగ నొక ద్రవ్యమును వేఱుచేసి, లాటిను భాషలో ఆకునకుగల పేరునుబట్టి ఫోలిక్ ఆమ్లమని దానికి నామకరణము చేసిరి. బొంబాయిలోని గర్భిణులను కాపాడినది ఇదియే. నాలుగు టన్నుల ఆకునుండి చిటికెడు మందు తీసినచో లోకమునకు సరిపోవునా? దానిని ప్రయోగశాలలో చేయవలసి యుండెను. న్యూయార్కు రాష్ట్రమునందలి లెడర్లీ ప్రయోగశాలలలో పరిశోధనాధిపతిగా నున్న యల్లాప్రగడ సుబ్బారావుగారి ఆధ్వర్యమున ఒక బృందము 1945లో దానిని కృత్రిమముగ నిర్మించెను. సుబ్బారావుగారు 1895లో భీమవరమున జన్మించిరి. వారి యౌవనముననే ఇరువురు సోదరులు కొలది దినముల తేడాలో సంగ్రహణి వ్యాధితో మరణించిరి. ఆ వ్యాధియే తమకును సోకగా, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సచే కోలుకొనిరని చెప్పుదురు. ఫోలిక్ ఆమ్లము చేతికందిన వెంటనే టామ్ స్పైస్ అను వైద్యుడు దానిని పాండురోగులకును, సంగ్రహణి రోగులకును ఇచ్చి ఫలము చూచెను. 1948 ఆగస్టులో సుబ్బారావుగారు దివంగతులైరి. మన పాఠ్యపుస్తకములలో వారి పేరు కన్పడుట మిక్కిలి అరుదని, నలుబది యేండ్లకు దగ్గఱగా పాఠములు చెప్పినవాడనగుటచే, విచారముతోనే చెప్పుచున్నాను.

ఇంతవఱకు తల్లి కథ. ఇక బిడ్డ కథ.

ఫోలిక్ ఆమ్లమునకు విరోధముగ పనిచేయు అమినోప్టెరిన్ అను ద్రవ్యము కూడ లెడర్లీలోనే పుట్టెను. 1952లో టియర్ష్ అను వైద్యుడు గర్భస్రావము కొఱకు దానిని ఇచ్చినప్పుడు, కొన్ని పిండములు వికృతరూపము పొందుట కనబడెను. ఈ ఆమ్లము లేనిచో పిండము సరిగా రూపొందదను జాడ అందు దొరకినది. 1965లో ఇంగ్లండునందు హిబ్బర్డ్, స్మిథెల్స్ అనువారు, వెన్నెముక చీలిన శిశువులను కన్న తల్లులలో ఈ ఆమ్లము లోపించియుండునేమోయని వ్రాసిరి. అంతకు ముందేడే, 1964 ఏప్రిలులో, లూసీ విల్స్ కాలధర్మము చెందెను.

ఈ వికృతి యెట్లు కలుగునో చెప్పెదను. తల్లి కడుపులో పిండమునకు మొదట వీపుపై నొక సన్నని పలక వంటిది ఏర్పడి, దాని అంచులు రెండును పైకి లేచి, తమలపాకు చుట్టినట్లు కలిసికొని గొట్టమగును. ఆ గొట్టమే పిమ్మట మెదడును, వెన్నుపామును అగును. క్రింది భాగము మూసికొననిచో వెన్ను చీలిన బిడ్డ పుట్టును. పై భాగము మూసికొననిచో కపాలము, మెదడు లేని బిడ్డ పుట్టి నిలువదు. గర్భము కుదిరిన 28 దినములలో ఈ పని ముగియును. అనగా నెల తప్పినదని కోడలు అత్తగారితో చెప్పులోపలనే ముగియును! గ్రహణమునాడు కోడలు కత్తి పట్టెననియు, ఫలానా చోట త్రొక్కెననియు ఆమెను నిందించువారు ఈ 28 దినముల లెక్కను గుర్తుంచుకొనవలయును.

స్మిథెల్స్ 1980లో, అంతకు ముందు అట్టి బిడ్డను కన్న తల్లులకు గర్భమునకు పూర్వమే జీవసత్త్వముల నిచ్చి, ఆ వికృతి మరల వచ్చుట మిక్కిలి తగ్గినదని ప్రకటించెను. కాని చీటి వేసినట్లు యాదృచ్ఛికముగ సగముమందికి మందును, సగముమందికి ఉత్తమాత్రను ఇచ్చి పోల్చుటకు ఆసుపత్రుల నీతిసంఘములు ఒప్పుకొనలేదు. దానితో ఆయన ఫలితమును పెక్కురు నమ్మలేదు. ఉపకారము చేయునేమో యని తోచిన మందును కొందఱికి ఇవ్వక మానుట ధర్మమా? నిశ్చయము లేకయే అందఱికిని ఇచ్చుట ధర్మమా? రెండు వైపులను పెద్దలే యుండిరి. నాకు రెండవవారి శంకయే బలముగ దోచుచున్నది. ఏలయన, నమ్మిక లేని మందును ప్రభుత్వములు చేపట్టవు. తుదకు నికోలస్ వాల్డ్ నాయకత్వమున 7 దేశములలో 33 కేంద్రములయందు 1817 మంది స్త్రీలతో పరీక్ష జరిగెను. పుట్టిన వికృతులు 27. అందు ఫోలిక్ ఆమ్లము తీసికొన్నవారికి 6, తీసికొననివారికి 21. ఫలము ఇంత స్పష్టమగుటచే 1991 ఏప్రిలులో పరీక్షను నడుమనే ఆపివేసిరి. మరుసటి యేడు హంగరీలో జైజెల్ అను వైద్యుడు, అట్టి బిడ్డ మునుపు పుట్టని తల్లులకు సైతము ఇది పనిచేయునని చూపెను. 1998నుండి అమెరికాలో పిండిలో దీనిని కలుపుట విధియైనది. పరీక్ష నడిపిన బ్రిటను మాత్రము అట్లు కలుపవలెనని నిర్ణయించుటకు 2021 దాక ఆగెను.

మన దేశమున 1970నుండి ఇనుమును ఫోలిక్ ఆమ్లమును గల మాత్రలను ప్రభుత్వము గర్భిణులకు పంచుచున్నది. అవి వేసికొన్నచో బిడ్డ నల్లగా పుట్టునని, మరీ లావై కాన్పు కష్టమగునని తలచి చూరులో దాచివేసిన యిండ్లను నేను చూచితిని. మలము నల్లబడుట నిజమే, అది ఇనుమువలన. బిడ్డ రంగునకు దానితో సంబంధము లేదు. ఆకుకూరలు, పెసలు, శనగలు, మినుములు ఈ ఆమ్లము గలవే; కాని ఆకును చిరకాలము ఉడికించి నీరు వార్చివేసినచో అందులో అధికభాగము పోవును.

ఇనుము కలిసిన మాత్ర నాలుగవ నెలనుండి ఇచ్చునది. వెన్నుకు సంబంధించిన రక్షణకు అది ఆలస్యము. అందుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లపు మాత్ర వేఱుగ నున్నది. బిడ్డ కావలెనని దంపతులు తలచిననాటినుండి మూడవ నెల నిండువఱకు దినమున కొక్కటి వేసికొనవలసినది. మూడు నెలలు నిండువఱకు గర్భము సంగతి బయట చెప్పరాదను ఆచారమున్న యిండ్లలో దీనిని గూర్చి పెండ్లినాడే చెప్పి యుంచవలసి యుండును. మునుపు అట్టి బిడ్డ పుట్టిన తల్లికి ఈ మోతాదు చాలదు. పరీక్షలో వాడిన మోతాదు దీనికి పదిరెట్లు, 4 మిల్లీగ్రాములు. దానిని గర్భమునకు ముందే వైద్యునిచే వ్రాయించుకొనవలెను.