లక్షణ గ్రంథమూ, వెలుగు లెక్కా

ఇటీవల మా మేనల్లుడు కెమెరా ఒకటి కొనుక్కొని, “మామయ్యా, పుస్తకం చదివితే ఎక్స్‌పోజరు పట్టుబడుతుందా?” అని అడిగినాడు. ఛందోగ్రంథం చదివితే పద్యం వస్తుందా అని అడిగిన నా విద్యార్థులు గుర్తుకు వచ్చినారు. ఫిల్ముపై గాని సెన్సరుపై గాని వెలుగు ఎంత, ఎంతసేపు పడవలెనన్నదే ఎక్స్‌పోజరు. చెప్పుటకు ఒక వాక్యం చాలు. దానిని నేర్పుటకు పుస్తకాలు పడిన పాట్లు మాత్రం ఛాయాగ్రహణమంత పాతవి.

1839 ఆగస్టులో పారిస్‌లో డాగేర్ పద్ధతి లోకానికి వెల్లడియైనది. ఆ యేడే ఆయన వ్రాసిన చిన్న పుస్తకం అచ్చుపడి పలుభాషలలోనికి పోయినది. వెండిపూత గల రాగిరేకును మెరుగుపెట్టుట, అయోడిను ఆవిరి పట్టించుట, పాదరసపు ఆవిరితో బొమ్మను తేల్చుట, అన్నీ వరుసగా చెప్పినాడు. ఎక్స్‌పోజరు దగ్గరకు వచ్చేసరికి మాత్రం పారిస్‌లో 3 నిమిషాల నుండి 30 నిమిషాల వరకని చెప్పి, ఋతువును బట్టి, వేళను బట్టి మారునన్నాడు. మూడుకూ ముప్పదికీ నడుమ ఎక్కడ ఆగవలెను? కెమెరా నుండి తీసిన రేకుపై కంటికేమీ కనబడదు. అయినా ఆయనను తప్పుపట్టలేను. పాదరసం పట్టించగానే తప్పు బయటపడేది కనుక, శిష్యునికి ఆ పూటే పాఠం దొరికేది.

1871లో మాడాక్స్ జెలటిన్ పలకను ప్రకటించిన తరువాత, కొద్దికాలానికే ఎక్స్‌పోజరు క్షణంలో కొన్నవ వంతుకు దిగినది. 1890లో ఇంగ్లండులో హర్టర్, డ్రిఫీల్డ్ అనే ఇద్దరు, పడిన వెలుగుకూ పలకపై ఏర్పడు నలుపుకూ గల సంబంధాన్ని రేఖగా గీసి చూపినారు. లక్షణం స్థిరపడినది. క్రమంగా అది ఫిల్ము డబ్బాలోని చీటీ దాకా దిగివచ్చినది: మంచి ఎండకు ఇంత, మబ్బుకు ఇంత, నీడకు ఇంత.

ఆ చీటీ నాకు కంఠస్థం. 1988లో మా ప్రధానోపాధ్యాయుల వీడ్కోలునాడు ఆయనను వరండాలో కూర్చుండబెట్టి ఫోటో తీసినాను. వెనుక ఎండలో మెరయుచున్న ఆటస్థలం, ముందు నీడలో ఆయన. చీటీలో ఎండకూ అంకె ఉన్నది, నీడకూ ఉన్నది. రెండూ ఒకేచోట ఉంటే దేనిని పాటించవలెనో లేదు. నేను ఎండను నమ్మినాను. 36 బొమ్మలూ పూర్తియై ఫిల్ము కడిగించేసరికి మూడు వారాలు గడచినవి. ఆటస్థలం చక్కగా వచ్చినది, ఆయన ముఖం మసి. ఏ అంకె పెట్టితినో అప్పటికి నాకే గుర్తులేదు. ఆ పెద్దాయనది మరొక ఫోటో మా బడిలో లేదు.

నా చిక్కుకు సమాధానం అమెరికాలో 1940 ప్రాంతంలోనే పుట్టియున్నదని చాలా ఆలస్యంగా తెలిసినది. ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ నలుపు నుండి తెలుపు దాకా మెట్లు కట్టి, దృశ్యంలో ఏది ఏ మెట్టుపై నిలువవలెనో ముందుగా ఛాయాగ్రాహకుడే నిర్ణయించుకొనవలెనన్నారు. దీనికే జోన్ సిస్టమ్ అని పేరు. 1948 నాటి ఆడమ్స్ పుస్తకం ‘ది నెగటివ్’ కొత్తవానికి కొరుకుడు పడదు. నాకూ పడలేదు. ఆయన 1983లో ‘ఎగ్జాంపుల్స్’ అని మరొకటి వెలువరించినాడు. మన పరిభాషలో లక్ష్యాలు! తన 40 చిత్రాలు ఎట్లు తీసినదీ అందులో చెప్పినాడు.

వానిలో న్యూమెక్సికోలోని హెర్నాండెజ్ గ్రామంపై చంద్రోదయ చిత్రమొకటి. వెలుగు జారిపోవుచున్నది, లైట్‌మీటరు చేతికి దొరకలేదు. చంద్రుని కాంతి చదరపు అడుగుకు 250 క్యాండిళ్ళని జ్ఞాపకం తెచ్చుకొని, దానిపై లెక్కకట్టి, ఎఫ్ 32 వద్ద ఒక సెకను ఇచ్చినాడు. రెండవ బొమ్మ తీయబోవునంతలో శ్మశానపు సిలువలపై ఎండ తొలగిపోయినది. నెగటివులో ముందుభాగం పలుచనై తరువాత తాను పడిన శ్రమనూ దాచలేదు. అంకె కంటె ఆ అంకె వెనుక ఆలోచన, అందులోని లోపం, నాకు పాఠమైనవి.

తమాషా ఏమనగా, ఇంత వివరం చెప్పినవాడు ఆ చిత్రపు తేదీ వ్రాసుకోలేదు. ఏండ్ల తరువాత ఖగోళ గణితం చేసినవారు 1941 నవంబరు 1 అని తేల్చినారు.

మేనల్లునికి ఆ పుస్తకమే చెప్పి, పక్కన ఒక నోటుబుక్కు ఉంచుకొమ్మన్నాను. “అంకెలూ తేదీ కెమెరాయే వ్రాసిపెడుతుంది కదా మామయ్యా” అని నవ్వినాడు. ఆ అంకె ఎందుకు పెట్టితివో వ్రాసుకో నాయనా అన్నాను.