దాస శబ్దము - గోదావరీ మండల క్రైస్తవము

రాజమహేంద్రవర పరిసరములందలి క్రైస్తవ కుటుంబములలో దేవదాసు, ప్రభుదాసు, క్రీస్తుదాసు, యేసుదాసు అను పేరులు విరివిగ వినవచ్చుచుండును. సమాస నిర్మాణమునుబట్టి చూచిన ఇవి రామదాసు, హరిదాసు అను నామములతో ఏకగోత్రములే. కాని వీనియందలి ఉత్తరపదము క్రైస్తవమున ఏ యర్థమును వహించినది, దానిని ఈ మండలమున గ్రహించిన జనులెవ్వరు అను విషయము విచారణీయము. పుట్టుకతోడనే పరులకు ఊడిగము చేయవలసివచ్చిన వారు తమ బిడ్డలకు మరల దాసనామమునే యేల పెట్టుకొనిరి? ఈ ప్రశ్నకు సమాధానమును వెదకుటయే ఈ వ్యాసమున మా ప్రయత్నము.

ముందుగ మూలపదములను చూతము. పాత నిబంధనయందలి ‘ఎబెద్’ అను హీబ్రూ పదము క్రయదాసునికిని, రాజోద్యోగికిని సమానముగ వర్తించును. మోషే, దావీదులు దేవుని ‘ఎబెద్’లుగ పేర్కొనబడిరి. క్రొత్త నిబంధనయందు రెండు గ్రీకు పదములు ప్రధానములు. ‘దూలోస్’ అనగా యజమానుని సొత్తయిన బానిస. ‘డియాకోనోస్’ అనగా పంక్తియొద్ద వడ్డించుట మొదలగు సేవ చేయువాడు. తెలుగు బైబిలు మొదటిదానిని ప్రాయికముగ ‘దాసుడు’ అనియు, రెండవదానిని ‘పరిచారకుడు’ అనియు అనువదించినది. పౌలు రోమీయులకు వ్రాసిన పత్రికారంభమున తన్ను క్రీస్తునకు దాసునిగ చెప్పుకొనెను. ఫిలిప్పీయుల పత్రికయందు క్రీస్తే దాసరూపమును ధరించినట్లు చెప్పబడినది. దాస్యము ఇచట భక్తునికి మాత్రమే చెందినది కాదు. ప్రభువే ముందుగ దానిని స్వీకరించెను. ఈ మతమున దాస శబ్దమునకు గల విశేషమిదియే.

ఈ పదము తెలుగువారికి క్రొత్తది కాదు. మనుస్మృతి అష్టమాధ్యాయము దాసులను ఏడు విధములుగ విభజించినది. భాగవత సప్తమ స్కంధమున ప్రహ్లాదుడు చెప్పిన నవవిధ భక్తులలో దాస్యమొకటి. ఇదే గోదావరి యెగువ తీరమున, భద్రాచలమున, 17వ శతాబ్దియందు కంచర్ల గోపన్న రామదాసుగ ప్రసిద్ధుడయ్యెను. మాలలలో పౌరోహిత్యము నెరపు విష్ణుభక్తులకు దాసరులని పేరు. కావున దాస శబ్దమునకు అప్పటికే రెండు ముఖములు కలవు: ఒకటి భక్తి గౌరవము, రెండవది పరాధీనత.

బౌడెన్, బీర్ అను ఆంగ్ల మిషనరీలు 1836లో ఈ దేశమునకు వచ్చి నరసాపురము, పాలకొల్లు ప్రాంతములందు పనిచేసిరి. రాజమహేంద్రవరమున ఉత్తర జర్మనీ మిషనరీలు 1840-50 దశకమున నెలకొల్పిన కేంద్రము పిదప అమెరికా లూథరనుల చేతికి వచ్చెను. 1842లో గుంటూరు చేరిన హయ్యర్, 1869లో ఈ కేంద్రము పరహస్తగతము కానున్నదని విని, డెబ్బదియారేండ్ల వయసున మరల సముద్రము దాటి వచ్చి దానిని నిలబెట్టెను. ఈ సంఘములలో చేరినవారు అత్యధికముగ మాల, మాదిగ కుటుంబములవారు, పొలముపై బ్రదుకువారు.

బానిసత్వమునకు న్యాయస్థానముల గుర్తింపును తొలగించిన చట్టము 1843లో వచ్చెను. ధవళేశ్వరపు ఆనకట్ట నిర్మాణము 1847లో ఆరంభమై 1852లో ముగిసెను. నీరు పారి వరి విస్తరించెను. కాని అప్పుతో ముడివడిన పాలేరుతనము చట్టముతోనే అంతరింపలేదు.

అట్టి పాలేరునకు దాస్యమును గూర్చిన బోధ ఎట్లు వినబడియుండును? భూస్వామికి ‘దేవుని దాసుడవు కమ్ము’ అను మాట అహంకార నిరసనము. పాలేరునకు అణచుకొనుటకు అట్టి అహంకారమేది? అతనికి బలము నిచ్చునది కొరింథీయుల మొదటి పత్రిక సప్తమాధ్యాయమందలి భావము: క్రీస్తు విలువ యిచ్చి కొనినవారు మనుష్యులకు దాసులు కారాదు. దేవుని సొత్తయినవాడు పరుల సొత్తు కాజాలడు. దేవదాసు అను పేరు ఈ దృష్టితో చూచిన లొంగుబాటు కాదు, విడుదల పత్రము. అయినను ఎఫెసీయుల పత్రిక షష్ఠాధ్యాయము దాసులను యజమానులకు విధేయులు కమ్మని బోధించుచున్నది. బోధకుడు దీనిని మాత్రమే యెత్తి చెప్పినయెడల విడుదల పత్రము మరల సంకెల యగును. ఈ రెండవ ప్రమాదమును విస్మరించి వ్రాసిన మిషను చరిత్ర అసంపూర్ణమని మా తలంపు.

మూడవ ప్రమాదమొకటి కలదు. కొరింథీయుల రెండవ పత్రిక చతుర్థాధ్యాయమున పౌలు, యేసు నిమిత్తము తాను సంఘమునకు దాసుడనని చెప్పెను. ఇది పూర్వవాక్యమునకు విరుద్ధముగ తోచును గాని విరోధము లేదు. అచట నిషిద్ధమయినది పరులు మోపిన దాస్యము. ఇచట చెప్పబడినది స్వతంత్రుడు కోరి వహించిన దాస్యము. రాజమహేంద్రవర సమీపమున జేగురుపాడులో జన్మించిన ముంగమూరి దేవదాసు, లూథరన్ సంఘమును వీడి 1938లో బైబిలు మిషనును స్థాపించి 1960లో పరమపదించెను. అనుయాయులు ఆయనను నేటికిని ‘దేవదాసు అయ్యగారు’ అనియే స్మరింతురు. పేరు దాసునిది, పిలుపు ప్రభువునకు తగినది. ఇది ఆ వ్యక్తిపై ఆక్షేపణము కాదు; గౌరవ వాచకము లేక పెద్దలను పేర్కొనని తెలుగు మర్యాదకు ఇది సహజము. కాని ‘దైవసేవకుడు’ అనుమాట ఒక పదవిగ మారినచోట, సేవింపవలసినవాడే సేవలందుకొనువాడగుట సులభము. మార్కు సువార్త దశమాధ్యాయము గొప్పవాడు కాగోరువానిని పరిచారకుడు కమ్మనుట ఈ ప్రమాదమును గూర్చియే.

ఈ నగరమున 1911లో లూథరన్ మిషను స్త్రీలకు, శిశువులకు ఆస్పత్రిని నెలకొల్పెను. రోగికి సేవ చేయు స్త్రీని తెలుగు ‘పరిచారిక’ యన్నది. ‘డియాకోనోస్’కు వాడిన పదమే స్త్రీలింగమున ఇచట నిత్యవ్యవహారములోనికి వచ్చినది, ఈ పదము పదవిగ బిగుసుకొనక పనిగనే నిలిచినది.

కావున గోదావరీ మండల క్రైస్తవమున ‘దాసుడు’ అనగా దేవుని సొత్తగుటచే మనుష్యుని సొత్తు కానివాడు, ఆ స్వాతంత్ర్యముచేతనే తోడివారికి ఊడిగము చేయువాడు. భక్తిమార్గమందలి దాస్యముతో దీనికి చుట్టరికము కలదు, అభేదము లేదు. తెలుగు నిఘంటువులు ఈ యర్థమును వేరుగ చూపుట, సమాధి శిలలందును సంఘపు పుస్తకములందును గల వ్యక్తినామములను పరిశోధక విద్యార్థులు సేకరించుట అవసరమని మా అభిప్రాయము. పాలేరు తన బిడ్డకు ఏ పేరు పెట్టెనో తెలిసిన, ఆతడు విన్న బోధ యేదో కొంత తెలియగలదు.