దవడ దిద్దుబాటు శస్త్రచికిత్స: పద్ధతుల పరిణామం, ప్రమాదాల స్వరూపం

ఉపోద్ఘాతం

పై దవడకూ కింది దవడకూ పొంతన లేనప్పుడు నమలడం, ఉచ్చారణ, ముఖాకృతి దెబ్బతింటాయి. అటువంటి స్థితిలో ఎముకను కోసి సరైన చోట నిలిపే చికిత్సకు నూట డెబ్బై ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. దీన్ని విజయాల వరుసగా చెప్పడం పరిపాటి. కాని ప్రతి పద్ధతీ తన ముందటి పద్ధతి మిగిల్చిన ప్రమాదానికి సమాధానంగా పుట్టి, తనదైన మరో ప్రమాదాన్ని వెంట తెచ్చింది.

తొలి యత్నాలు

అమెరికాలోని వీలింగ్ పట్టణానికి చెందిన సైమన్ హల్లిహెన్ 1849లో ప్రకటించిన వ్యాసం ఈ చరిత్రకు తొలి ఆధారం. కాలిన గాయపు మచ్చ బిగుసుకుపోయి ఒక యువతి కింది దవడ ముందుకు సాగగా, ఆయన ముందు పళ్లున్న ఎముక భాగాన్ని కోసి వెనక్కి జరిపాడు. 1897లో సెయింట్ లూయిస్‌లో విల్రే బ్లెయిర్ కింది దవడకు ఇరువైపులా ఎముక ముక్కలు తొలగించి దాన్ని పొట్టి చేశాడు.

ఆ తరువాత దవడ నిలువు భాగాన్ని చర్మం గుండా చొప్పించిన తీగ రంపంతో అడ్డంగా కోసే పద్ధతి వాడుకలోకి వచ్చింది. రంపం కంటికి కనిపించకుండా నడిచేది. ముఖ నాడి, లాలాజల గ్రంథి దాని దారికి దగ్గరలోనే ఉండేవి. కోసిన అంచులు ఆనే వైశాల్యం స్వల్పం కావడంతో, కండరాల లాగుడుకు ముక్కలు తొలగిపోయి ఎముక అతుక్కునేది కాదు, లేదా ముందు పళ్లు కలిసేవి కావు.

నిలువు చీలిక

ఈ చిక్కుకు పరిష్కారం 1953లో ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో హ్యూగో ఒబ్వెగేసర్ చూపాడు. నోటి లోపలి నుంచే పని సాగించి, ఎముకను లోపలి పలక, వెలుపలి పలకగా నిలువునా చీల్చాడు. ముఖంపై మచ్చ పడలేదు. పలకలు ఒకదానిపై ఒకటి జరిగినా విశాలంగా ఆని ఉండేవి. 1961లో దాల్ పోంట్ వెలుపలి కోతను దంతాల వైపు ముందుకు జరిపి ఆ వైశాల్యాన్ని ఇంకా పెంచాడు. అయితే కింది పెదవికీ గడ్డానికీ స్పర్శనిచ్చే నాడి సరిగ్గా ఆ చీలిక దారిలోనే ఉంది. దాంతో స్పర్శలోపం, ఎముక అనుకోని చోట విరగడం ఈ పద్ధతికి ప్రధాన ఉపద్రవాలయ్యాయి.

పై దవడ, స్థిరీకరణ

1901లో రెనె లెఫోర్ మృతదేహాలపై ప్రయోగాలతో ముఖాస్థులు విరిగే రేఖలను గుర్తించాడు. వాటిలో అన్నిటికంటే కింది రేఖ వెంట 1927లో వాస్‌మండ్ కోత పెట్టాడు గాని, పై దవడను పూర్తిగా విడదీయలేదు. విడదీస్తే రక్తప్రసరణ నిలుస్తుందన్న సందేహం చాలాకాలం నిలిచింది. అంగిలి పొర, పరిసర మృదుకణజాలం చాలినంత రక్తాన్ని అందించగలవని విలియం బెల్ కోతులపై చేసిన ప్రయోగాలు 1970ల నాటికి నిరూపించాయి. తీవ్ర రక్తస్రావం, అరుదుగా ఎముక నిర్జీవం కావడం మాత్రం నేటికీ మిగిలే ఉన్నాయి.

తొలినాళ్లలో దవడలను తీగలతో వారాల తరబడి కట్టివేసేవారు. వాంతి అయితే ఊపిరాడని ప్రమాదం ఉండేది. 1974లో స్పీస్ల్ ప్రవేశపెట్టిన మరల బిగింపు నోటిని త్వరగా విడిపించింది. మర అతిగా బిగిస్తే నాడి నలగడం, దవడ కీలు స్థానం తప్పడం కొత్త ఆందోళనలయ్యాయి.

ఉపసంహారం

ఈ చరిత్రలో ప్రమాదం తగ్గింది, రూపం మార్చుకుంది, కాని అంతరించలేదు. ఈ చికిత్స కోరే వ్యక్తి సాధారణంగా ప్రాణాపాయంలో ఉండడు. కనుక పెదవి మొద్దుబారవచ్చనీ, దవడ కొంత వెనుకటి స్థానానికి మళ్లవచ్చనీ ముందే వివరించి సమ్మతి పొందడం కోత ఎంత ముఖ్యమో అంత ముఖ్యం.