గడప మాత్రం మిగిలిన ఇల్లు



ఉద్యోగ విరమణానంతరం కొండాపూర్‌లో మా అబ్బాయి ఇంట చేరినప్పటి నుంచి పాతకాలపు ఇల్లు కంటబడటమే అపురూపమైపోయింది. 1998లో సైబర్ టవర్స్ వెలసిన తరువాత మాదాపూర్, కొండాపూర్, రాయదుర్గం ప్రాంతాలలో ఊరి పేర్లు నిలిచాయి గాని ఊళ్లు నిలవలేదు. అందుచేత సెలవునాడు మనుమణ్ణి వెంటబెట్టుకొని మూసీ దాకా పోతుంటాను. రాయదుర్గంలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లో దిగితే అక్కడినుంచి సాలార్‌జంగ్ మ్యూజియం ఆటోకు కొద్ది దూరమే.

మొన్న అక్కడి గడియారం ముందు కూర్చున్నాము. వేళకు బొమ్మమనిషి బయటికి వచ్చి గంట కొట్టి లోపలికి పోయాడు. జనమూ లేచిపోయారు. మావాడు మాత్రం కదలక, "తాతయ్యా, ఇవన్నీ ఆయన ఇంట్లో ఎక్కడ పెట్టుకున్నాడు? ఆ ఇల్లేదీ?" అన్నాడు. ఎన్నిసార్లో పిల్లలను వరుసలో నడిపించి ఈ మ్యూజియం చూపించినవాణ్ణి. ఒక్కనాడూ నాకా ప్రశ్న తోచలేదు.

ఆ ఇల్లు దివాన్ దేవిడీ. నిజాము దివానులైన సాలార్‌జంగుల నివాసం. మొదటి సాలార్‌జంగ్ మీర్ తురాబ్ అలీఖాన్ 1853 నుంచి 1883లో మరణించేదాకా దివానుగిరీ చేశాడు. ఆయన మనుమడు మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ 1889లో పుట్టాడు. ఆ యేడే తండ్రి పోయాడు. 1912లో దివానై, 1914లో ఆ పదవి వదిలి, తక్కిన ఆయుర్దాయమంతా వస్తుసేకరణకే ధారపోశాడు. ఒక్క మనిషి కూర్చిన సేకరణ అని అందరమూ అంటాము గాని అది పూర్తిగా నిజం కాదు. ముసుగు రెబెక్కాగా మనమెరిగిన బెంజోనీ శిల్పాన్ని ఇటలీలో 1876లో కొన్నది తాతగారు.

యూసుఫ్ అలీఖాన్ అవివాహితుడు. 1949లో పోయాడు. 1951 డిసెంబరు 16న నెహ్రూగారు మ్యూజియాన్ని ప్రారంభించింది ఆ ఇంట్లోనే. మా నాన్నగారు ఆ రోజులలో చూచి వచ్చి, "మ్యూజియం చూచినట్లు లేదురా, ఇంటాయన లేని వేళ చుట్టపుచూపుగా పోయినట్లుంది" అనేవారు. 1961లో పార్లమెంటు చట్టంతో అది జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయింది. 1968లో వస్తువులన్నీ ఇప్పటి భవనానికి తరలిపోయాయి. ఇల్లు వెనక ఉండిపోయింది. క్రమంగా కూలింది, చీలింది, బజారయింది.

దానితో పోయినదేమిటి? ఆ దేవిడీలో ఐనాఖానా ఉండేది, అద్దాల గది. చీనీఖానా ఉండేది, పింగాణీతో అలంకరించిన గది. అక్కడ పింగాణీ గోడకు అలంకారం. ఇక్కడ చైనా పింగాణీ ఒక గది, జపానుది ఒక గది, ఐరోపాది ఇంకొకటి. దేశాన్ని బట్టి, పదార్థాన్ని బట్టి వర్గీకరణ. విద్యార్థికి ఇదే సులువు, కాదనను. కళావిమర్శకుడు జేమ్స్ కజిన్స్ చేత అమర్పించిన నాడే, దేవిడీలో ఉండగానే, వస్తువులు తమ తావులు మారడం మొదలయిందనీ ఎరుగుదును. అయినా తాత కొన్న శిల్పానికి ఎదురుగా మనుమడు ఏ కుర్చీలో కూర్చునేవాడో ఇప్పుడు ఏ గది చెప్పగలదు? వంశస్థుల చిత్తరువులూ, దుస్తులూ, సామానూ ఉన్న గదిలో మాత్రమే నాకు ఆ ఇంటి వాసన కొంచెం తగిలింది. సందర్శకులు అక్కడ నిలబడరు.

పండితుణ్ణి కనుక ఒక మాట ముచ్చట చెప్పక తప్పదు. హిందుస్తానీలో 'డ్యోఢీ' అంటే మొదట గడప, వాకిలి. ఆపైన వాకిలి గల మేడకే ఆ పేరు వచ్చింది. అదే మన దేవిడీ. ఆ వాకిట అడ్డగించడమే 'దేవిడీ మన్నా'. చేతిలో కాసు లేనప్పుడు మనం సరదాగా అనే మాట. అన్నట్లు, మేడ పోయాక అక్కడ మిగిలినవి వాకిళ్లే. మాట తిరిగి మొదటి అర్థానికే చేరుకొంది.

ఆ వాకిలి చూపిద్దామని మనుమణ్ణి పత్తర్‌గట్టీ వైపు నడిపించాను. చుట్టూ బట్టల దుకాణాలు, టోకు బేరాలు. "దివాన్ దేవిడీ ఎక్కడ?" అని ఒక దుకాణదారుని అడిగితే, "ఇదే కదా! చీరలా, డ్రెస్సులా?" అన్నాడు. కమాను కింద నిలబడి మావాడు పైకి చూస్తూ, "తాతయ్యా, ఆ గడియారం దీని కిందనుంచే వచ్చి ఉంటుందా?" అంటున్నాడు. ఇంతలో వెనకనుంచి మూటల బండి తోసుకొస్తున్న కుర్రవాడు "జర హటో భాయ్" అని కేక వేశాడు.

పక్కకు జరిగి దారి ఇచ్చాము.