గుర్తులు మారిన తీరు : భట్టిప్రోలు చెప్పు పాఠము

మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున గ్రామచరిత్రమును గూర్చి నాలుగు మాటలు వ్రాయుట ఉచితమని తలచితిని. భట్టిప్రోలు చరిత్ర మనగానే స్తూపము, ధాతుకరండములు, ప్రాచీనలిపి అందరకును తలపునకు వచ్చును. వానిని గూర్చి పెద్దలు పలుమారులు వ్రాసియున్నారు. నేను ఆ లిపినే ఆధారముగా గొని, నేడు మన ఇండ్లలో తరచుగా వినవచ్చు ఒక తగవును విచారింప బూనితిని. “ఈ కాలపు పిల్లలకు మర్యాద తెలియదు” అని పెద్ద లందురు. “మా మాట మీకు అర్థము కాదు” అని పిల్ల లందురు. ఈ తగవులో చాలభాగము గుర్తులను గూర్చినదే. చేతిసైగ, నిలుచు తీరు, భుజముమీది కండువ, చేతిఫోనులో కనబడు చిన్నబొమ్మ, ఇవన్నియు గుర్తులే గదా!

ముందుగా మన స్తూపమునొద్దకు పోదము. 1892వ సంవత్సరమున అలెగ్జాండర్ రీ దొర దానిని త్రవ్వించి మూడు రాతి కరండములను కనుగొనెను. బుద్ధధాతువులను నిక్షేపించుటకై చేయించిన కరండము లవి. దాతల పేర్లు, గోష్ఠికి చెందినవారి పేర్లు, కుబీరకుడను రాజు పేరు వానిపై చెక్కబడి యున్నవి. ఈ శాసనములను జార్జి బ్యూలరు పండితుడు చదివి, 1894లో ఎపిగ్రాఫియా ఇండికా రెండవ సంపుటమున ప్రకటించెను. భాష ప్రాకృతము. లిపి బ్రాహ్మీ కుటుంబమునకు చెందినదే యైనను దాని నడక వేరు.

ఆ వేరుతన మెట్టిదో చూడుడు. అశోకుని శాసనములలో హల్లు గుర్తును ఊరక వ్రాసినచో అందు అకారము చేరియే యుండును. దానిని ‘క’ అని చదువవలెను. దాని తలయొద్ద కుడివైపునకు ఒక చిన్న అడ్డగీతను గీచినచో ‘కా’ యగును. మన కరండములను చెక్కిన లేఖకుడు ఆ అడ్డగీతనే హ్రస్వమైన అకారమునకు వాడెను. దీర్ఘము కావలసినచోట గీత కొనను క్రిందికి వంచెను. ‘మ’ అక్షరమును తలక్రిందులుగా నిలిపెను. ఘ, జ, ల మున్నగు కొన్ని అక్షరములకును వేరు రూపము లిచ్చెను. అశోకలిపి మాత్రమే తెలిసినవాడు ఈ శాసనమును చదువబూనినచో హ్రస్వములన్నియు దీర్ఘములై పోవును. తప్పు చెక్కినవానిది కాదు, చదువువానిది. మరియొక విశేష మేమనగా, అదే స్తూపమున దొరకిన ఒక స్ఫటికముమీది వ్రాత సామాన్యమైన బ్రాహ్మీపద్ధతిలోనే యున్నది. ఒకే స్తూపమున, ఒకే గీతకు, రెండు కట్టుబాట్లు!

నేడు మన బడిపిల్లలు ‘క’కు తలకట్టు పెట్టుచు, అది అకారమునకు గుర్తని నేర్చుకొనుచున్నారు. ఆనాటి అడ్డగీతయు అదే పని చేసినది. అంతమాత్రమున తలకట్టు ఆ గీతకు సంతానమని తలపరాదు. తరువాతి శాసనములలో అక్షరముల నెత్తిన నిలిచిన చిన్నగీత క్రమముగా పెరిగి తలకట్టైనది. ఒకే పనికి వేరువేరు కాలములవారు వేరువేరు దారులలో వచ్చుట చరిత్రమున క్రొత్త కాదు.

కట్టుబాటు తెలిసినవారు కరవైనపుడు ఏమి యగునో కూడ మన యూరే చెప్పుచున్నది. పందొమ్మిదవ శతాబ్దమున స్తూపపు ఇటుకలు బాటకు, పాలరాతి పలకలు వెల్లటూరి కాలువ తూమునకు తరలిపోయినవి. వానిని మోసికొని పోయినవారు దుర్మార్గులని నేననను. వారికి బాట కావలసెను, తూము కావలసెను. బౌద్ధము మరుగుపడి అనేక శతాబ్దములు గడచినందున, ఆ దిబ్బ దేనికి గుర్తో చెప్పగలవారు వారి చుట్టుప్రక్కల లేరు. తెలిసినవారికి చైత్యము, తెలియనివారికి రాళ్ళగుట్ట.

ఇక మనుష్యుల గుర్తులకు వత్తము. భుజముమీది తుండుగుడ్డను గైకొందము. గత శతాబ్దపు తొలిభాగమున ఆంధ్రదేశమందలి అనేక గ్రామములలో పాలేరు యజమాని యెదుట తుండుగుడ్డను భుజమునుండి దించి చంకన పెట్టుకొనెడివాడు. చెప్పులు విడిచి చేతబట్టెడివాడు. చేతులు కట్టుకొని నిలిచెడివాడు. చూచువారికి అది వినయము. చేయువానికి అది భయము. అతని కుమారుడు చదువుకొని వచ్చి తుండుగుడ్డను దింపక నిలిచినపుడు, అది పొగరని కొందరు పలికిరి. కాని 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగము పదునేడవ అధికరణమున అస్పృశ్యతను రద్దుచేసి, మనుష్యు లందరు సమానులన్న మాటను శాసనముగా నిలిపినది. ఆ యువకుని భుజముమీది గుడ్డ పలికినది ఆ మాటనే. నేడు సన్మానసభలలో కండువ కప్పుదుము. పార్టీ రంగుల కండువలను ఎన్నికలలో చూచుచున్నాము. తాత దేనిని దింపి నిలిచెనో మనుమనికి తెలియదు. తెలియకపోవుట ఒక విధముగా మేలు. ఆ భయము అతనికి లేదు. కాని పూర్తిగా మరచుట మేలు కాదు. ఆ గుడ్డ భుజమున నిలుచుటకు ఎవరెవరు ఎన్ని మాటలు పడిరో అతడెరుగవలెను.

బొటనవ్రేలి కథ ఇంకను విచిత్రమైనది. ఒకప్పుడు అది నిరక్షరాస్యతకు గుర్తు. ప్రోనోటుపై ఏమి వ్రాసియున్నదో తెలియకయే నిశాని వేసి పొలము పోగొట్టుకొన్నవారి గోడు ప్రతి గ్రామమున వినవచ్చెడిది. గ్రంథాలయోద్యమము పుట్టుటకు ఈ గోడు కూడ ఒక కారణము. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసినది. అయ్యంకి వెంకటరమణయ్యగారు ఆ ఉద్యమమునకు జీవితము నర్పించిరి. 1918లో వేటపాలెమున సారస్వత నికేతనము వెలసినది. 1935లో పాతూరి నాగభూషణముగారు కాలువలో పడవపై పుస్తకములను ఊరూరికి పంపిరి. వ్రేలిముద్ర వేయువాడు సంతకము చేయవలెనన్నది వారి తపన.

ఇప్పుడు చూడుడు. చౌకధరల దుకాణమున చదువుకొన్నవాడును యంత్రముపై వ్రేలు మోపుచున్నాడు. అందు అవమానము లేదు. “నేను నేనే” అనుటకు అది గుర్తు. ఇక చేతిఫోనులో పైకెత్తిన బొటనవ్రేలు కనబడును. పెద్దలు దానిని “సరే, మంచిది” అను భావముతో పంపుదురు. పిల్లలలో పలువురికి అది మాటను ముగించి ముఖము త్రిప్పుకొన్నట్లు తోచును.

ఈ భేదము నవ్వులాట మాత్రమే కాదు. కెనడా దేశమున ఒక ధాన్యపు వర్తకసంస్థ 2021లో ఒక రైతునకు అవిసెగింజల కొనుగోలు ఒడంబడికను ఫోనులో పంపి, ధ్రువపరుపు మనెను. రైతు బొటనవ్రేలి బొమ్మను పంపెను. గడువునాటికి గింజలు చేరలేదు. ధరలు పెరిగి యుండెను. కాగితము అందినదని మాత్రమే తన భావమని రైతు వాదించెను. అది సంతకముతో సమానమని న్యాయస్థానము 2023లో తీర్పు చెప్పి, 82 వేల డాలర్లకు పైగా చెల్లింపు మనెను. 2024లో పై న్యాయస్థానమును ఆ తీర్పునే నిలిపినది. తాతనాటి నిశాని, మనుమనినాటి బొమ్మ, రెండును ఆ బొటనవ్రేలే. అర్థ మెరుగక పెట్టినచో రెండింటిలోను నష్టము కలదు. మన రైతు సోదరులు ఈ సంగతి జ్ఞప్తియం దుంచుకొందురుగాక.

ఈ చిన్నబొమ్మలను ఎమోజీ లందురు. జపాను భాషలో ‘ఎ’ యనగా చిత్రము, ‘మొజి’ యనగా అక్షరము, చిత్రాక్షరములన్న మాట. ఆ దేశపు డొకొమో టెలిఫోను సంస్థకై షిగెటకా కురిటా 1999లో 176 బొమ్మలను కూర్చెను. జోడించిన చేతుల బొమ్మ ఆ దేశమువారికి ప్రార్థింపునకు, కృతజ్ఞతకు గుర్తు, మనకు నమస్కారము. కన్నీరు కారునట్లు నవ్వు ముఖమును 2015లో ఆక్స్‌ఫర్డు నిఘంటువువారు ఆ సంవత్సరపు పదముగా ఎన్నుకొనిరి. కొలది యేండ్లకే పిల్లలు దానిని పెద్దల బొమ్మయని విడిచి, నవ్వి నవ్వి చచ్చితిమను భావమున పుర్రెబొమ్మను పట్టిరి. కరెంటు స్తంభముపై ‘అపాయము’ అను పలకమీద మాత్రమే పుర్రెను చూచిన తాతగారికి, తన హాస్యోక్తికి మనుమడు పుర్రెను పంపినచో గుండె గుభిల్లుమనదా? మనుమడు పంపినది మెప్పు. తాతకు అందినది కీడు.

ఇచ్చట నాకు మిక్కిలి ఆనందము గొలిపిన ఒక సంగతి మనవి చేసెదను. ప్రపంచమందలి లిపుల అక్షరములకెల్ల కంప్యూటరులో ఒక్కొక్క సంఖ్య నిచ్చు పట్టిక యొకటి కలదు. దానిని యూనికోడు అందురు. 2010 అక్టోబరులో వెలువడిన దాని ఆరవ కూర్పునందే ఈ బొమ్మలలో పెక్కింటికి స్థానము లభించినది. మన రూపాయి గుర్తునకును అందే చోటు దొరకినది. బ్రాహ్మీలిపియు ఆ కూర్పుననే చేరినది. ఆ బ్రాహ్మీ గుర్తులలో దీర్ఘాకారపు గుర్తు ఒకటి ‘భట్టిప్రోలు’ పేరుతోనే నమోదైయున్నది. మన లేఖకుడు క్రిందికి వంచిన ఆ చిన్నగీత, పిల్లల నవ్వుబొమ్మలతో కలిసి ఒకే యేట ప్రపంచపు పట్టిక కెక్కినది! పట్టికలో రూపము నిలిచినది. అర్థము మాత్రము జనుల వాడుకయందే యుండును. తరము మారగానే అదియు మారును.

కావున పెద్దలకు నా విన్నపము: పిల్లల గుర్తును మీ కట్టుబాటుతో చదివి కోపింపకుడు, దాని భావమేమో అడుగుడు. పిల్లలకు నా మాట: మీ తాత అవ్వల గుర్తులు పాతవని త్రోసివేయకుడు, అవి ఎందు కేర్పడెనో అడుగుడు. అడుగువారు లేకయే మన స్తూపము రాళ్ళగుట్ట యైనది.

ఈ రజతోత్సవమున మన గ్రంథాలయమునందు ఒక తెల్లకాగితపు పుస్తకమును తెరువవలెనని నా కోరిక. శుభలేఖ మూలలకు పసుపు ఏల పూయుదురో, తుండుగుడ్డను ఎవరెదుట ఎందుకు దించెడివారో, నిశాని వేసినవారి అనుభవము లెట్టివో పెద్దలు అందు చెప్పి వ్రాయింతురుగాక. ఎదుటి పుటలో పిల్లలు తమ బొమ్మల భావములను వ్రాయుదురుగాక. కుబీరకుని కాలమునాటి లేఖకుడు తన కట్టుబాటును వేరుగా వ్రాసి పెట్టలేదు. దానిని విప్పుటకు ఒక మహాపండితుడు శ్రమింపవలసి వచ్చెను. మన మనుమలకు ఆ శ్రమ కలుగకుండ చేయుట మన చేతిలోని పని.