బుట్ట కుర్చీల చలికాలపు మకాం

జర్మనీ ఉత్తర తీరంలోని సముద్ర స్నానాల పట్టణాల్లో వేసవి అంతా ఇసుక మీద బుట్ట కుర్చీలు బారులు తీరి ఉంటాయి. జర్మన్లు వీటిని స్ట్రాండ్‌కోర్బ్ అంటారు. ఇద్దరు పట్టే ఆసనానికి వెనుక, పక్కల, నెత్తిమీద అల్లిక గోడ ఉంటుంది. చారల గుడ్డ కుట్టిన మెత్తలు, కింది నుంచి బయటికి లాగే కాళ్లపీటలు, ఎండ పడకుండా ముందుకు దించుకునే గుడ్డ చూరు కూడా ఉంటాయి. చలిగాలులు ముదరకముందే, సాధారణంగా అక్టోబరులో, వీటిని తీరం నుంచి తరలిస్తారు. ఈ కుర్చీలు ఎన్నేళ్లు మన్నుతాయన్నది ఆ చలికాలపు సంరక్షణ మీదే ఆధారపడి ఉంటుంది.

గాలికి అడ్డుగా పుట్టిన ఆసనం

జర్మనీలో సముద్ర స్నానాల పట్టణాలకు 1793లో హైలిగెన్‌డామ్‌తో అంకురార్పణ జరిగింది. ఆ ఊరున్న బాల్టిక్ సముద్ర తీరంలో మాత్రం వేసవిలోనూ గాలి చలిగానే వీస్తుంది. 1882లో ఎల్‌ఫ్రీడె ఫాన్ మాల్ట్‌జాన్ అనే జమీందారీ వంశపు మహిళ రోస్టాక్ నగరంలో బుట్టలు అల్లే విల్‌హెల్మ్ బార్టెల్‌మాన్‌ను ఆశ్రయించింది. కీళ్లవాతం బాధిస్తున్నా దగ్గరలోని వార్నెముండె తీరంలో కూర్చోవాలని ఆమె కోరిక. బార్టెల్‌మాన్ విల్లో కొమ్మలతో, పేముతో ఒక్కరు కూర్చునే కుర్చీ అల్లి ఇచ్చాడు. నిలబెట్టిన బట్టల బుట్టలా ఉందని కొందరు వెక్కిరించినా, అలాంటిదే కావాలని అడిగేవాళ్లు పెరిగారు. మరుసటి ఏడాదికల్లా ఇద్దరు పట్టే రకం వచ్చింది. 1883లోనే అతని భార్య ఎలిజబెత్ వార్నెముండెలో వాటిని అద్దెకివ్వడం మొదలుపెట్టింది.

బార్టెల్‌మాన్ పేటెంటు తీసుకోలేదు. దాంతో ఇతరులూ ఈ కుర్చీల తయారీకి దిగారు. అతని దగ్గరే పని నేర్చిన యోహాన్ ఫాల్క్ 1897లో వెనక్కి వాలే రకాన్ని రూపొందించాడు. అంతకుముందే, 1886లో, వార్నెముండెకు రైలు రావడంతో సందర్శకుల రాక సులువైంది. సొంత కుర్చీ అయితే ఎవరింటికి వాళ్లు తీసుకెళ్లవచ్చు. అద్దె వ్యాపారి చేతిలోని కుర్చీలన్నిటికీ మాత్రం చలికాలంలో తలదాచుకునే చోటు కావాలి. అద్దె పద్ధతితో పాటే ఈ అవసరమూ పెరిగింది.

తీరంలో వదిలేస్తే

బాల్టిక్‌లో ఆటుపోట్లు నామమాత్రం. కానీ ఈశాన్యపు గాలి ఉధృతంగా వీచినప్పుడు సముద్రపు నీరు తీరం మీదికి ఎగదన్నుతుంది. 1872 నవంబరు 12, 13 తేదీల్లో వచ్చిన ఉప్పెనకు కొన్నిచోట్ల నీటిమట్టం మామూలు కంటే 3 మీటర్లకు పైగా పెరిగింది. 2023 అక్టోబరులోనూ ఈ తీరాన్ని పెద్ద ఉప్పెన తాకింది. నవంబరు దాకా ఆగడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఉప్పెన రాకపోయినా నష్టం తప్పదు. ఉప్పు గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి మెత్తలు పూర్తిగా ఆరవు, వాటికి బూజు పడుతుంది. బందులు, మరలు తుప్పు పడతాయి. చెక్క పగుళ్లలో చేరిన నీరు గడ్డకడితే వ్యాకోచించి ఆ పగుళ్లను ఇంకా విడదీస్తుంది.

షెడ్డులో జరిగే పని

కుర్చీలను ట్రాక్టరు బండ్ల మీద షెడ్లకు చేరుస్తారు. వెనక్కి వాలిన పైభాగాన్ని నిటారుగా నిలిపితే తక్కువ చోటు చాలుతుంది. అల్లిక సందుల్లో, బందుల్లో ఇరుక్కున్న ఇసుకను మెత్తని బ్రష్షుతో దులిపి, ఉప్పు పోయేలా మంచినీళ్లతో కడుగుతారు. తరువాత బాగా ఆరబెట్టడం అన్నిటికంటే ముఖ్యం. తడి ఆరకముందే ప్లాస్టిక్ పట్టా కప్పితే చెమ్మ లోపలే నిలిచి బూజు పెరుగుతుంది. అందుకే పెరట్లో కుర్చీ ఉంచుకునేవాళ్లు గాలి ఆడే గుడ్డ కప్పుతారు. కాళ్లకు నేల తేమ తగలకుండా చెక్క దిమ్మెల మీద నిలుపుతారు.

ఆ తరువాత మరమ్మతులు మొదలవుతాయి. ఇప్పుడు చాలా కుర్చీలకు పేము బదులు ప్లాస్టిక్ పట్టీలు వాడుతున్నా, చట్రం మాత్రం చెక్కదే. తెగిన పట్టీని అంతవరకే తీసి కొత్తది అల్లుతారు. చిరిగిన గుడ్డ మారుస్తారు, బందులకు నూనె పెడతారు, చెక్కకు రంగు వేస్తారు. అల్లిక, మెత్త, చూరు, బందులు దేనికదే మార్చుకునే వీలుంది కాబట్టి, ఏటా ఈ పని శ్రద్ధగా సాగితే ఒకే చట్రం ఎన్నో వేసవులకు పనికొస్తుంది.